అన్నంలో క్యాలీఫ్లవర్

జనవరి 11

చెల్లాయ్,

"నీ ఉత్తరం అందింది" అని మొదలుపెట్టాలని బళ్లో నేర్పారు. అందకపోతే జవాబెందుకు రాస్తానో ఆ మాస్టారే చెప్పాలి.

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు వినపడినవి మూడే మాటలు: పిచ్చుక, డాక్టరు, రక్తం. మిగతాదంతా మీ వర్క్‌షాపు మోత. నేనేం చెప్పానో నీకు వినపడి ఉండదు, నా వెనక కుక్కరు అరుస్తోంది. నలభై కుట్టుమిషన్ల మధ్య నువ్వూ, నాలుగు పొయ్యిల మధ్య నేనూ ఫోన్‌లో కేకలు వేసుకోవడం కంటే కాగితం మీద తిట్టుకోవడం నయం. ఉత్తరంలో నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు కూడా.

నువ్వు వివరంగా రాసింది రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు. మన పిచ్చుక ఆరేళ్ల పిల్ల, తినేవి ఆరు. అన్నం, పాలు, బ్రెడ్డు, బంగాళాదుంప, గుడ్డులో తెల్లసొన, తొక్క తీసిన అరటిపండు. ఆరూ తెలుపే. నీ కడుపున పుట్టింది పిల్లనుకున్నాను, సున్నపు బొమ్మ అన్నమాట. రంగున్నది పళ్లెంలో పడితే పళ్లాన్నే దూరంగా తోసేస్తుంది. బళ్లో మధ్యాహ్నం కాకుండానే బెంచీ మీద తల వాల్చేస్తోంది. రక్తం పలచబడిందని డాక్టరు టానిక్ రాశారు. రంగురంగుల కూరలు, ఆకులు, పళ్లు తినిపించమన్నారు. మూడు నెలల్లో మార్పు రాకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని సూదులు వెయ్యాలన్నారు. ఏప్రిల్ పద్దెనిమిదిన మళ్లీ చూపించాలి. సరిగ్గానే అర్థమైందా?

ఇంత చిన్న విషయానికి ఏడుస్తావేమే! నీ అన్నయ్య ఎవరు? మూడు వందల మంది హాస్టల్ పిల్లలకు పూటపూటా వండి పెట్టేవాణ్ణి. ఏడో తరగతి మూడుసార్లు చదివాను కాబట్టి లెక్క ప్రకారం నాది ఇరవై ఒకటో తరగతి. ఆ చదువంతా ఇప్పుడు నీకు ధారపోస్తున్నాను, రాసుకో.

మా దగ్గర పాలకూర గిన్నె వెళ్లినట్టే తిరిగొచ్చేది. మూత తీస్తే ఒక్క గరిటె గుంట మాత్రం పడి ఉండేది. వార్డెనమ్మ వచ్చి విటమిన్ల మీద ఉపన్యాసం ఇచ్చింది. ఆ రోజు ఆ ఒక్క గరిటె కూడా పోలేదు. అప్పుడు నేనేం చేశానంటే, పాలకూర గిన్నె విడిగా ఒక బల్ల మీద పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి, అట్ట మీద పెద్దక్షరాలతో రాశాను: "ఇది సిబ్బందికి మాత్రమే. పిల్లలు ముట్టుకోరాదు." రెండో రోజుకి గుడ్డ పక్కకు జరిగింది. మూడో రోజుకి గిన్నె అడుగు కనపడింది. నేను గరిటె పట్టుకుని "దొంగవెధవల్లారా!" అని వరండా అంతా తరిమాను. వాళ్లు గుప్పిట్లో పాలకూరతో పారిపోతున్నారు. ఒకడు పరుగెడుతూనే మింగేశాడు. ఇరవై ఆరేళ్ల నా ఉద్యోగంలో అంత అందమైన దృశ్యం చూడలేదు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఒకటే. బీట్‌రూట్ ముక్కలు డబ్బాలో పెట్టి మూత బిగించు. "ఇది పెద్దవాళ్లది, నువ్వు తినకూడదు" అని చెప్పు. ముఖం గంభీరంగా పెట్టు. నీకది కష్టం కాదు, పుట్టినప్పటి నుంచి అలాగే ఉంటావు.

పిచ్చుకకు ముద్దులు. మీ ఆయనకు, అదే మా బావగారికి, నమస్కారాలు. రెండూ తారుమారు చెయ్యకు.

గరిటె అని పిలిపించుకునే
నీ అన్నయ్య


జనవరి 24

అన్నయ్యా,

మేము బాగానే ఉన్నాము, నీ సలహా మాత్రం బాగాలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. డబ్బా, మూత, గంభీరమైన ముఖం, అన్నీ. "ఇది పెద్దవాళ్లది, నువ్వు తినకూడదమ్మా" అన్నాను. అది నా ముఖం చూసి, "సరే అమ్మా" అంది. అంతే! వెళ్లి ఆడుకుంది.

మర్నాడు డబ్బా ఇంకా అందేలా పెట్టాను. ముట్టుకోలేదు. ఆ తర్వాతి రోజు మూత తీసి పెట్టాను. అది వచ్చి, చూసి, మూత పెట్టి వెళ్లింది! పక్క వాటా పిల్లాడు వచ్చి ముక్క తియ్యబోతే వాడి చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "పెద్దయ్యాక తినాలి. మా అమ్మ చెప్పింది" అని వాడికి బుద్ధి చెప్పింది. వాళ్లమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వాడు బీట్‌రూట్ ఇష్టంగా తినేవాడట, ఇప్పుడు నేరం చేసినవాడిలా డబ్బా చూస్తేనే వణుకుతున్నాడట.

ఇంతటితో అయితే సర్దుకునేదాన్ని. మొన్న అన్నాల దగ్గర మీ బావ ఊరికే ఉండక, "బంగాళాదుంప కూడా కూరగాయేగా" అన్నారు. పిచ్చుక చెయ్యి ఆగిపోయింది. "అయితే ఇది కూడా పెద్దవాళ్లదా?" అంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేలోగా ముక్కలన్నీ ఏరి వాళ్ల నాన్న పళ్లెంలో వేసేసింది. ఆరు కాస్తా ఐదయ్యాయి అన్నయ్యా. నువ్వు పుణ్యం కట్టుకుని ఇంకో రెండు సలహాలిస్తే నా కూతురు గాలి పీల్చి బతుకుతుంది.

ఇక్కడ స్కూలు యూనిఫాంల ఆర్డరు వచ్చింది. రోజుకు అరవై కాలర్లు కుడుతున్నాను. తల ఎత్తితే తెల్ల గుడ్డ, ఇంటికొస్తే తెల్ల అన్నం.

నవ్వకుండా ఆలోచించి రాయి.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 1

చెల్లాయ్,

నవ్వకుండా రాయమన్నావు. రాస్తున్నాను. నవ్వడం అయిపోయాక రాస్తున్నాను.

తప్పు నాదే. నా మందు కోతులకు పనిచేసే మందు. నువ్వు కన్నది జడ్జీగారిని. అడగకుండా చెప్పిన మాట వినే పిల్ల మన వంశంలో ఇంతవరకు పుట్టలేదు, అందుకని నా లెక్కలోకి రాలేదు. నువ్వు చిన్నప్పుడు అమ్మ "ముట్టుకోకు" అన్న ప్రతిదీ నోట్లో పెట్టుకున్నావు, సబ్బుతో సహా.

రెండో ఉపాయం. దీనికి పిల్ల సహకారమే అక్కర్లేదు.

క్యాలీఫ్లవర్ తీసుకుని, ఆకులూ కాడలూ తీసేసి, తెల్లటి పువ్వు మాత్రం సన్నగా తురుము. బియ్యపు గింజ కంటే పెద్దది ఒక్కటి కూడా ఉండకూడదు. ఆవిరి మీద ఉడికించి నీళ్లు పిండెయ్యి. అన్నం వేడిగా ఉన్నప్పుడు పదో వంతు కలుపు. తెలుపులో తెలుపు. మా వార్డెనమ్మే గుర్తుపట్టలేదు, పైగా "ఈ బియ్యం బాగున్నాయి, ఇవే తెప్పించు" అంది. ఐదు రోజులయ్యాక ఐదో వంతు చెయ్యి. అది కుదిరాక సొరకాయ, ఆ తర్వాత లేత బఠానీ ముద్ద. మెల్లగా రంగులోకి దింపుదాం. దానికి తెలిసేసరికి పొలమంతా తినేసి ఉంటుంది.

ఒక్క షరతు. ఎవరికీ చెప్పకు. చెప్పినా బావగారికి చెప్పకు. ఆయన మంచివాడు, బస్సు ఇంజను విప్పి మళ్లీ బిగించగలడు. నోరు మాత్రం ఒకసారి విప్పితే బిగించలేడు.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 19

అన్నయ్యా,

తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు నేను మహారాణిలా తిరిగాను. రోజూ తెల్లారకముందే లేచి తలుపేసుకుని తురిమాను. వేళ్లు గీసుకుపోయాయి. వర్క్‌షాపులో "ఏమైంది, సూది దిగిందా?" అని అడిగితే అవునన్నాను. అది మారుమాట లేకుండా తినేది. నేను ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టుకునేదాన్ని.

మీ బావకు చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు. ఆయనకు తెలిసింది చెత్తబుట్టలో కాడలు చూసి. నాతో ఒక్క మాట అనకుండా మనసులోనే మురిసిపోయి, పదో రోజు అన్నాల దగ్గర, పిచ్చుక నోటి దగ్గర ముద్ద పెట్టుకున్న వేళ చూసి, నన్ను మెచ్చుకున్నారు. "భలేదానివే! ఇందులో అంత క్యాలీఫ్లవర్ ఉన్నట్టే తెలియట్లేదు!"

పిచ్చుక ముద్ద పళ్లెంలో పెట్టేసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నా వైపు చూసి, "ఎన్ని రోజుల నుంచి?" అంది. ఆరేళ్లు దానికి! మీ బావ చెప్పారు.

అప్పటి నుంచి నా చేతి అన్నం తినడం లేదు. ఏం తింటోందో తెలుసా? ఉడికించిన గుడ్డు పెంకు తనే పగలగొట్టుకుంటుంది. అరటిపండు తనే ఒలుచుకుంటుంది, ఒలిచేముందు ఎక్కడైనా చిల్లు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తుంది. చింపని బిస్కెట్టు ప్యాకెట్టు. బ్రెడ్డు ముక్కను కిటికీ దగ్గర వెలుగుకు పెట్టి చూసి పక్కన పెట్టేస్తుంది. పాలు మానేసింది, గ్లాసులో ఏం కలిపానో తెలియదు కదా! టానిక్ కూడా వద్దంటోంది. దాని మీద "రుచికరం" అని రాసి ఉందట, అంటే అబద్ధమట.

నిన్న బరువు చూపించాను. తగ్గింది. "ఏప్రిల్ దాకా ఆగుతారా, ఇప్పుడే చేర్చుకోమంటారా?" అన్నారు డాక్టరు. ఆగుతానన్నాను. తప్పు చేశానేమో తెలియదు.

ఇంక సలహాలు వద్దు. కోపంతో రాయడం లేదు, ఓపిక లేక రాస్తున్నాను.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 20

చెల్లాయ్,

అన్నం సంగతి ఏమైందో నువ్వింకా రాయలేదు, అంటే బాగానే జరుగుతోందన్నమాట. బాగాలేకపోతే ఈపాటికి తిట్లు వచ్చి ఉండేవి.

నాకు ఇంకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. పిచ్చుక నియమాలు పాటించే పిల్ల కదా. నియమంతో కట్టేసినదాన్ని నియమంతోనే విప్పాలి. నిన్ననే దాని పేర మీ ఇంటికి ఒక కవరు పంపాను. నీకు చెప్పకుండా పంపాను, నీ ముఖంలో ఆశ్చర్యం నిజంగా ఉండాలి కదా. లోపల ఇలా రాశాను:

"పిల్లల ఆహార నిబంధనల ప్రధాన కార్యాలయం. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఆకులు, కాయలు, దుంపలు పెద్దలకు మాత్రమే అన్న పాత నిబంధన నేటితో రద్దు చేయడమైనది. ఇకపై ఆరేళ్లు నిండిన పిల్లలందరూ నిర్భయంగా తినవచ్చును. ఇట్లు, ముఖ్య రుచి అధికారి."

కింద గుండ్రటి ముద్ర. బంగాళాదుంప సగానికి కోసి, చాకుతో నక్షత్రం చెక్కి, బీట్‌రూట్ రసంలో ముంచి కొట్టాను. అసలు ముద్ర కంటే బాగా వచ్చింది. మా స్టోరు గుమాస్తా చూసి, "ఏ కార్యాలయమండీ?" అని లేచి నుంచున్నాడు.

ఇప్పుడు చూడు, కోర్టువారే వదిలేశాక జడ్జీగారు ఏమంటారో!

ఉబ్బితబ్బిబ్బవుతున్న
నీ అన్నయ్య


మార్చి 2

అన్నయ్యా,

ఏమంటారో రాస్తున్నాను, విను.

నీ కవరు నేను వర్క్‌షాపులో ఉండగా వచ్చింది. పిచ్చుక దాన్ని విప్పలేదు. అంటించి ఉంది కాబట్టి అందులో ఎవరూ ఏమీ కలిపి ఉండరని నమ్మి, అలాగే సంచిలో పెట్టుకుని బడికి తీసుకెళ్లి టీచరమ్మకు ఇచ్చింది. "నాకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది" అని గర్వంగా చెప్పిందట. టీచరమ్మ క్లాసులోనే పైకి చదివింది. చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టింది. క్లాసంతా నవ్వింది. "ఇలాంటి ఆఫీసు లేదమ్మా, నిన్నెవరో ఆట పట్టించారు" అందిట. తడి వేలు పెట్టి రుద్దితే ముద్ర చెరిగిపోయింది.

పిచ్చుక నవ్వలేదు. కవరు మీద చిరునామా రాసిన చేతిరాత చూసింది. పుట్టినరోజుకు నువ్వు పంపే కార్డులన్నీ దాచుకుంటుంది అది. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించింది. "మామయ్య కూడానా?" అంది.

నన్ను బడికి పిలిపించి, ఇంట్లో పిల్లను ఇలా ఏడిపిస్తారా అని అడిగారు. కుట్టు మధ్యలో వదిలేసి వెళ్లి, చేతులు కట్టుకుని నుంచున్నాను. తింటున్నది ఇప్పుడు రోజుకు రెండు గుడ్లు, ఒక పండు.

దానికి నీ మీద పిచ్చి ప్రేమ అన్నయ్యా. అదే పెద్ద నష్టం. నన్ను నమ్మకపోయినా నిన్ను నమ్ముతుందనుకున్నాను.

నీ చెల్లెలు


మార్చి 7

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడింట్లోనూ మొదటి వాక్యానికే జోకు దొర్లింది. చించేశాను. అది నా నోటి రోగం, తెలిసే చేస్తున్నానో తెలియక చేస్తున్నానో నాకే తెలియదు.

నీ ఫిబ్రవరి ఉత్తరం, నాది దారిలో ఎదురుపడి ఉంటాయి. నాది నవ్వుతూ వెళ్లి ఉంటుంది.

ఒకటి అడుగుతాను. మా హాస్టల్‌కి ఇరవయ్యో తేదీ నుంచి సెలవులు. పిల్లలు ఇళ్లకు పోతారు, పోలేనివాళ్లు ముప్ఫైమంది మిగులుతారు. మీ బడికి కూడా అప్పుడే సెలవులు కదా. నీకు యూనిఫాంల ఆర్డరు మీద ఊపిరాడదు. పిచ్చుకను నా దగ్గరికి పంపు. వంటగదిలో కూర్చోబెడతాను. మసాలా నూరినా, కాయ కోసినా దాని కళ్లముందే. తినమని ఒక్కసారి కూడా అనను. ఆ ఉత్తరం రాసింది నేనేనని నా నోటితో చెబుతాను.

పంపకపోతే అర్థం చేసుకుంటాను. పంపితే బావగారితో పంపు, ఆయన నిజం దాచలేరు కాబట్టి ఇప్పుడు మన ఇంట్లో అందరికంటే ఆయనే పనికొచ్చే మనిషి.

అన్నయ్య


మార్చి 14

అన్నయ్యా,

ఇరవై ఒకటిన వస్తారు. పంపడం నాకు ఇష్టమై కాదు, అది వెళ్తానంది. "ఎందుకు?" అంటే, "అడగాలి" అంది.

సంచిలో పన్నెండు గుడ్లు పెట్టాను, పెంకుతో. టానిక్ సీసా కూడా ఉంది, సీలు తియ్యలేదు. అరటిపళ్లు దానికి నువ్వే కొను, అదే ఏరుకుంటుంది.

షరతులు రాస్తున్నాను. కలపకు. దాచకు. బోర్డులు పెట్టకు. ముద్రలు కొట్టకు. అది ఏడిస్తే నవ్వించకు, ఏడవనివ్వు.

నీ చెల్లెలు


మార్చి 25

చెల్లీ,

దిగిన రోజే అడిగింది. సంచి కూడా కింద పెట్టలేదు. వంటగది గుమ్మంలో నుంచుని, "ఎందుకు రాశావు?" అంది. నా పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న వంటామె కత్తి ఆపింది.

"నువ్వు తింటావని రాశానే" అన్నాను.

"తినకపోతే?"

"ఆసుపత్రిలో చేరుస్తారని భయమేసింది."

"ఆ మాట రాయొచ్చుగా."

ఆ మాట రాయడం నాకు తట్టనే లేదు. మూడు ఉపాయాలు తట్టాయి, అది తట్టలేదు. "నిజంగా ఆసుపత్రిలో చేరుస్తారా?" అంది. అవునన్నాను. "సూదులా?" అవునన్నాను. కాసేపు తలుపు మీద పెచ్చులు గీకింది. అప్పుడు సంచి దించింది. దానికి ఈ సంగతి మీరెవరూ చెప్పలేదటగా! రెండు నెలల నుంచి పెద్దవాళ్లందరం దాని నోట్లోకి తొంగి చూస్తున్నాం, ఎందుకో దానికి తెలియదు.

మొదటి రెండు రోజులు నూనె డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని నా చేతులే చూసింది. పోలీసు నయం. ఉప్పు వేస్తుంటే "అదేంటి?", పసుపు వేస్తుంటే "అదేంటి?" అన్నిటికీ చెప్పాను. పాలు దాని ఎదుటే కాచి ఇచ్చాను, తాగింది. గుడ్లు అయిపోవస్తున్నాయి.

మూడో రోజు పచ్చిబఠానీ బస్తా వచ్చింది. ఒలవడానికి అందరం కూర్చున్నాం. దాన్ని పిలవలేదు. అదే ఒక కాయ తీసి, గోరుతో అంచు వెంబడి తడిమి చూసి, "మామయ్యా, దీనికి కుట్టు లేదు" అంది. కుట్టుపని చేసేదాని కూతురు! ఎవరైనా విప్పి, లోపల ఏదైనా పెట్టి, మళ్లీ కుట్టారేమోనని చూస్తోంది. "లేదమ్మా, అది పుట్టడమే అలా మూసుకుని పుడుతుంది" అన్నాను. కాయ విప్పింది. లోపల ఏడు గింజలు. ఏడింటినీ వాసన చూసింది. ఒకటి నోట్లో వేసుకుంది. నేను బుట్ట వైపే చూస్తున్నాను. చెల్లీ, ఒట్టు, నేనేమీ అనలేదు, నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది ఇదే మొదటిసారి. సాయంత్రానికి దాని ముందు పదకొండు తొక్కలు విడిగా పేర్చి ఉన్నాయి. తను తిన్నవట.

అన్నయ్య


మార్చి 29

అన్నయ్యా,

పచ్చవి తిందా? నా పిల్లేనా?

సంతోషించాలో వద్దో తెలియడం లేదు. ఏం చేశావు? నిజం చెప్పు. బఠానీలకు పంచదార పట్టించావా? వంటామెను ఆశ్చర్యపోయినట్టు నటించమన్నావా? నువ్వు ఏమీ చెయ్యలేదంటే ఇన్నేళ్ల నా అనుభవం ఒప్పుకోవడం లేదు. మళ్లీ ఏదైనా బయటపడితే ఈసారి గుడ్లు కూడా మానేస్తుంది.

ఇంకో సంగతి. నెలాఖరుకు మా అత్తగారు వస్తున్నారు, రెండు నెలలుంటారు. "మీకు వండటం రాక పిల్ల ఎండిపోతోంది, నేనొచ్చి చూస్తాను" అన్నారు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 3

చెల్లీ,

నువ్వు నమ్మకపోవడం న్యాయమే. అందుకే నాకు సిగ్గుచేటైన సంగతి కూడా రాస్తున్నాను, అప్పుడైనా నమ్ముతావని.

మొన్న మధ్యాహ్నం పిల్లలందరికీ బీన్స్ కూర వడ్డించాక, నేను అలవాటు ప్రకారం స్టోరుగదిలో బియ్యం బస్తాల వెనక కూర్చుని తింటున్నాను. తల ఎత్తితే ఎదురుగా పిచ్చుక. నా పళ్లెంలోకి చూస్తోంది. అన్నం, గుడ్డు, వేయించిన బంగాళాదుంప.

"మరి బీన్స్ ఏవి?" అంది.

"అయిపోయాయమ్మా" అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. "నాకు ఇష్టం లేదు" అన్నాను.

ఇరవై ఆరేళ్లు చెల్లీ! ఎన్ని వేల మందికి వండానో లెక్కలేదు. ఉప్పు చూడటానికి నాలుక చివర పెట్టి ఉమ్మేసినవాడినే గానీ, కూర అన్నది కలుపుకుని తిన్నవాణ్ణి కాదు. మన అమ్మకు కూడా తెలియదు, బల్ల కింద కుక్క ఉండేది. నీ కూతురికి మేనమామ పోలిక వచ్చింది, పాపం నువ్వు అత్తారి వంశాన్ని తిట్టుకుంటున్నావు.

పిచ్చుకకు కోపం రాలేదు. నా పక్కన బస్తా మీద కూర్చుంది. "నీకు కూడా భయమా?" అంది. "భయమే. నోట్లో పెట్టుకున్నాక ఎలా ఉంటుందో ముందే తెలియదు కదా" అన్నాను. "అదే!" అంది అది. మూడు నెలల నుంచి ఎవరికీ అర్థం కాని మాట ఒకరికి అర్థమైనట్టు "అదే!" అంది.

తర్వాత వంటగదిలోకెళ్లి ముల్లంగి చక్రాలు రెండు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి దానికి. "నువ్వు ముందు తిని ఎలా ఉందో నిజం చెప్పు" అంది. తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొదట నీళ్లలా ఉంటుంది. కరకరమంటుంది. ఆ తర్వాత ముక్కులోకి మంట ఎక్కుతుంది. నాకు నచ్చలేదు" అన్నాను. అది కూడా కొరికింది. నమిలింది. ముక్కు ఎర్రబడింది. "అవును! నువ్వు చెప్పినట్టే ఉంది!" అని గంతేసింది. రుచి చూసి కాదే, నిజం చూసి! మంట నిజంగానే రెండోసారి కూడా ఎక్కుతుందా అని ఇంకో ముక్క తిన్నది.

అప్పటి నుంచి రోజూ ఇదే మాకు పని. నేను తిని చెప్పాలి, అది తిని సరిచూడాలి. బెండకాయ జిగురు, నిజమే. పాలకూర నాలుక మీద గరగర, నిజమే. క్యారెట్ తియ్యన అన్నాను, "కొంచెమే" అని దిద్దింది. వంకాయ ఉమ్మేసింది, నేనూ ఉమ్మేశాను, ఇద్దరం నోళ్లు కడుక్కున్నాం. టానిక్ సీలు తీసి నేనే ముందు చెంచాడు తాగి, "తుప్పు నీళ్లలో పంచదార వేసినట్టుంది" అన్నాను. సంతోషంగా తాగింది. సీసా మీద ఆ మాటే రాయాల్సిందంది.

దాన్ని మార్చడానికి నేను చేసింది ఏమీ లేదు. అది నా చేత ముల్లంగి తినిపించింది. ఆరో తేదీన తీసుకొస్తాను. ఒక్కటి గుర్తుపెట్టుకో: ఇంట్లో అది అడుగుతుంది. అడిగినప్పుడు బాగుందని బుకాయించకు. మొదటి ముద్దలోనే దొరికిపోతావు, ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది.

కూరలు తింటున్న
నీ అన్నయ్య


ఏప్రిల్ 20

అన్నయ్యా,

ముందు డాక్టరు సంగతి. మొన్న పద్దెనిమిదిన చూపించాను. రక్తం కొంచెం పెరిగింది, బరువు ముప్పావు కిలో. ఆసుపత్రి వద్దన్నారు, టానిక్ ఆపకుండా మళ్లీ రెండు నెలలకు రమ్మన్నారు. గదిలోంచి బయటకొచ్చి బెంచీ మీద కూర్చుండిపోయాను. మీ బావ కంగారుపడి నీళ్లు తెచ్చారు. పిచ్చుక ఆ నీళ్లు ముందు తను చూసి, "ఉత్త నీళ్లే అమ్మా, తాగు" అంది.

ఇప్పుడు నువ్వు నా ఇంట్లో పెట్టి వెళ్లిన నిప్పు సంగతి.

అత్తగారు వచ్చిన రోజు నుంచి పొయ్యి ఆవిడదే. నువ్వు పిల్లను దింపి వెళ్లిన మర్నాడు బీన్స్ వండారు. అందరికీ వడ్డించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నుంచున్నారు. పిచ్చుక పళ్లెం మీద అరచెయ్యి కప్పి నా వైపు తిరిగింది.

"అమ్మా, ఇది ఎలా ఉంటుంది? నిజం చెప్పు."

మీ బావకు అప్పుడే బల్ల కింద ఏదో పడిపోయింది, వెతకడానికి వంగారు. అత్తగారు నన్నే చూస్తున్నారు. కాపురానికొచ్చి ఎనిమిదేళ్లయింది అన్నయ్యా. ఎనిమిదేళ్లుగా ఆవిడ వండిన ప్రతి పూటా "చాలా బాగుంది అత్తయ్యా" అన్నాను. నిద్రలో లేపి అడిగినా అదే అంటాను. పిచ్చుక చెయ్యి పళ్లెం మీదే ఉంది. వేళ్లు ఎంత సన్నగా ఉన్నాయో!

"అడుగంటింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మాడు వాసన వస్తుంది. ముక్క మాత్రం మెత్తగా, కొంచెం తియ్యగా ఉంటుంది."

అది ఒక ముక్క తిని, "అవును, మాడింది" అని తృప్తిగా తల ఊపి, పళ్లెం ఖాళీ చేసింది. బల్ల కిందున్న మీ బావ పైకి రాలేదు.

ఆ రోజంతా అత్తగారు నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా. మూడో రోజు సంచి సర్దుకుంటారేమోననుకున్నాను. సర్దుకోలేదు. మంట తగ్గించి, మూత పెట్టి, పొయ్యి దగ్గర నుంచి కదలకుండా వండారు. గిన్నె తెచ్చి నా ముందు పెట్టలేదు, కొడుకు ముందు పెట్టలేదు. పిచ్చుక ముందు పెట్టారు.

"నువ్వు చెప్పవే" అన్నారు.

పిచ్చుక చాలాసేపు నమిలింది. "ఇవాళ మాడలేదు నానమ్మా. ఉప్పు లేదు."

అత్తగారు ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. లోపలికెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి, ఠక్కున బల్ల మీద పెట్టి, నన్నూ మీ బావనూ మార్చి మార్చి చూశారు.

"ఇన్నేళ్లూ ఈ ఇంట్లో ఒక్కరికీ నాలుక లేదా?" అన్నారు.

నీ చెల్లెలు